కనిపించని లేత గులాబీ

రసాయన చర్య ఎంత వేగంగా జరుగుతుందో కొలిచే ప్రయోగం మాకు బి.యస్సీ. చివరి ఏడాదిలో వచ్చింది. రాయపూర్ అప్పటికింకా నాగపూర్ రాజధానిగా ఉన్న పాత మధ్యప్రదేశ్‌లో ఉండేది. మా కాలేజీ కొత్తది. ల్యాబొరేటరీలో బల్లలకు వేసిన వార్నిష్ వాసన ఇంకా పోలేదు.

ప్రయోగం చెప్పడానికి తేలికే. మిథైల్ ఎసిటేట్ అనే ద్రవాన్ని పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కలిపితే, అది మెల్లగా విరిగి ఎసిటిక్ ఆమ్లం పుడుతుంది. సీసాలో పులుపు క్రమంగా పెరుగుతుందన్నమాట. ఎంత వేగంగా పెరుగుతోందో తెలియాలంటే, ఉండుండి కాస్త ద్రావణం తీసి మంచునీళ్లలో వదలాలి. ఆ చల్లదనానికి చర్య దాదాపు నిలిచిపోతుంది. అప్పుడు అందులో ఫినాఫ్తలీన్ అనే సూచిక రెండు చుక్కలు వేసి, పైన బ్యూరెట్ గొట్టంలోంచి క్షారాన్ని చుక్కచుక్కగా వదలాలి. నీళ్లు లేత గులాబీ రంగుకు తిరగగానే ఆపేయాలి. ఎంత క్షారం పట్టిందో అంత ఆమ్లం ఉన్నట్టు. ఈ లెక్కలన్నీ కాలానికి ఎదురుగా గ్రాఫు కాగితం మీద గుర్తులు పెడితే, లాగరిథమ్‌లు వేశాక, తిన్నని గీత రావాలి.

నాకు గీత రాలేదు. చుక్కలన్నీ కాగితమంతా చెదిరిపోయాయి. రెండో రీడింగు కంటే మూడోది తక్కువ వచ్చింది. సీసాలో పులుపు పెరిగి మళ్లీ తగ్గిందంటే ఎవరు నమ్ముతారు?

కెమిస్ట్రీ ప్రొఫెసరు గారు మరాఠీ ఆయన. పాఠం ఇంగ్లీషులో చెప్పేవారు, కోపం వస్తే హిందీలోకి దిగేవారు. నా గ్రాఫు చూసి మొదట కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. తర్వాత దాన్ని పైకెత్తి క్లాసంతటికీ చూపించారు.

"చూడండి. ఇది రియాక్షన్ కాదు, బస్తర్ కొండలు," అన్నారు హిందీలో.

క్లాసు నవ్వింది. నేనూ నవ్వబోయాను. ఆయన నా వైపు తిరిగారు.

"ప్రయోగం చేశావా? లేకపోతే ఇంట్లో కూర్చుని అంకెలు రాసుకొచ్చావా?"

"చేశాను సర్."

"చేసినవాడికి ఇలా రాదు. అబద్ధం కూడా సరిగా ఆడటం రాలేదు నీకు."

అబద్ధం ఆడలేదని నాకు తెలుసు. అయినా చెవులు కాలిపోయాయి. దొంగతనం చేసి పట్టుబడినవాడిలా తల దించుకునే నిలబడ్డాను. ఆ క్లాసులో తెలుగువాణ్ణి నేనొక్కణ్ణే. నా హిందీలో యాస వినగానే కుర్రాళ్లు ఒకరివంక ఒకరు చూసుకునేవారు. అందుకే నోరు తక్కువ విప్పి, చదువులో ముందుండి నెట్టుకొస్తున్నాను. ఇప్పుడు అదీ పోయింది.

మాది పార్వతీపురం వైపు. మా నాన్న గూడ్సు బళ్ల డ్రైవరు. విజయనగరం లైను పడ్డాక అటునుంచి వచ్చి రాయపూర్ రైల్వే కాలనీలో స్థిరపడిన కుటుంబాలు చాలానే ఉండేవి. మా నాన్నకి ఒక్కటే కోరిక. నేను స్టేషన్ మాస్టరు కావాలి. అసిస్టెంట్ పోస్టుకి దరఖాస్తు ఆయనే పెట్టించాడు. రాతపరీక్ష అయిపోయింది, నా పేరూ వచ్చింది. ఇక మెడికల్ పరీక్ష ఒక్కటే మిగిలింది.

"ముప్పై ఏళ్లు సిగ్నల్ సూసి ఆగినాను నాను," అనేవాడు. "నువ్వు సిగ్నల్ ఇచ్చీవోడివి కావాల. నాలాంటోళ్లు నీ మాటకి ఆగాల."

నా కళ్లలో లోపం ఉందని అప్పటిదాకా నాకు తెలియదు. తెలియకుండా ఎలా ఉంటుందని తర్వాత చాలామంది అడిగారు. రంగుల పేర్లు నేను ఎక్కాలు నేర్చుకున్నట్టు నేర్చుకున్నాను. ఆకు పచ్చన, కుంకుమ ఎర్రన, గుర్తుంచుకుంటే చాలు. సిగ్నల్ స్తంభం మీది చెయ్యి పైకి ఉందా కిందకి ఉందా అన్నది చూస్తే తెలిసిపోతుంది. రాత్రిపూట దీపాల్లో ఒకటి తెల్లగా, ఒకటి మసగ్గా కనిపించేది. అందరికీ అంతే కాబోలు అనుకున్నాను. ఇంటర్మీడియట్‌లో టైట్రేషన్లు ఇద్దరిద్దరం కలిసి చేసేవాళ్లం. నేను బ్యూరెట్ తిప్పేవాణ్ణి, జతగాడు ఆపమనేవాడు. ఒకవేళ నేనే చూసినా, ఓ రెండు చుక్కలు ఎక్కువ పడితే పెద్ద తేడా వచ్చేది కాదు. కానీ ఈ ప్రయోగంలో లెక్కకొచ్చేది ఆఖరి రీడింగుకీ మధ్య రీడింగుకీ ఉన్న కొద్దిపాటి తేడా. అక్కడ రెండు చుక్కలు తప్పితే గీత మొత్తం కూలిపోతుంది.

మరుసటి వారం ప్రొఫెసరు గారు నా చేత మళ్లీ చేయించారు. ఈసారి చేతులు కట్టుకుని నా పక్కనే నిలబడ్డారు. తక్కినవాళ్లు తమ పని చేసుకుంటూనే ఓ కంట చూస్తున్నారు. స్టేషన్ దగ్గర కొన్న మంచుగడ్డ గోనెగుడ్డలో కరిగిపోతోంది. నేను ద్రావణం తీసి మంచునీళ్లలో వదిలి, బ్యూరెట్ తిప్పాను. చుక్క, చుక్క, చుక్క. ఫ్లాస్కు కింద తెల్ల పింగాణి పలక ఉంది. నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి. ఇంకా వదులుతున్నాను.

"ఆపవేం?" అన్నారాయన.

"ఇంకా రంగు రాలేదు సర్."

ఆయన ఫ్లాస్కు వైపు చూశారు. తర్వాత నా మొహంలోకి చూశారు. నేను వేళాకోళం చేస్తున్నానేమో అనుకున్నారని నాకు అర్థమైంది.

"దీన్ని నువ్వు ఏమంటావు?"

"నీళ్లు సర్. కొంచెం మసగ్గా ఉన్నాయి."

ఆయన జేబులోంచి రుమాలు తీసి బల్ల మీద పరిచారు. దాని అంచు కుట్టు ఏ రంగని అడిగారు. చెప్పాను. పక్కబల్ల మీది సీసా మూతదీ చెప్పాను. మూడోది అడగలేదు. రుమాలు మడిచి జేబులో పెట్టుకుని తన గదిలోకి వెళ్లిపోయారు.

ఆయన అలా వెళ్లకుండా ఉంటే బాగుండేది. తలుపు మూసుకోగానే కుర్రాళ్లు నా చుట్టూ చేరారు. ఒకడు కిటికీలోంచి చెయ్యి చాపి ఆకు తెంపి నా మొహం ముందు పెట్టాడు. ఇంకొకడు ప్యాంటు పైకి లాగి మేజోడు చూపించాడు. "ఇదేం రంగు? ఇదో, ఇది?" నేను జవాబులు చెబుతూ పోయాను. ఎందుకు చెప్పానో ఇప్పటికీ తెలియదు. చెప్పనంటే ఇంకా చిన్నబోతానేమో అనిపించింది. ఆకు గనక పచ్చన అన్నాను. అది ఎండి ఎర్రబడ్డ ఆకట. ఆ నవ్వులకి ల్యాబ్ గోడలు ప్రతిధ్వనించాయి. ఆ రోజే నాకు 'రంగ్‌రేజ్' అని పేరు పెట్టారు. హిందీలో రంగ్‌రేజ్ అంటే బట్టలకు రంగులద్దేవాడు. కాలేజీ వదిలేదాకా ఆ పేరు నన్ను వదల్లేదు.

ఇంట్లో చెప్పలేదు. చెబుదామని నోటిదాకా వచ్చేది. ఆ సమయానికి నాన్న నా మెడికల్ కోసం కుట్టించిన చొక్కా గుండీలు సరిచూస్తుండేవాడు. అమ్మ నన్ను క్యారెట్లు తినమనేది, కళ్లకు మంచిదని ఎవరో చెప్పారట. నేను క్యారెట్లు తిన్నాను. మెడికల్‌లో రంగులు అడగరేమో, అడిగినా ఎలాగో గట్టెక్కుతానేమో అని ఆశ.

రైల్వే ఆసుపత్రికి నాన్న డ్యూటీ మార్చుకుని మరీ నాతో వచ్చాడు. డాక్టరు గారు ముందు గోడ మీది అక్షరాలు చదివించారు. అన్నీ చదివాను. తలుపు దగ్గర నిలబడ్డ నాన్న మొహం వికసించింది. తర్వాత డాక్టరు గారు ఒక పుస్తకం తెరిచారు. పేజీ నిండా రంగురంగుల చుక్కలు. అందులో ఏ అంకె కనిపిస్తోందో చెప్పమన్నారు.

నాకు చుక్కలే కనిపించాయి.

పేజీ తిప్పారు. మళ్లీ చుక్కలే. కొన్ని పేజీలయ్యాక ఆయన తిప్పడం మానేశారు. ఈలోగా నాన్న ఎప్పుడు దగ్గరికొచ్చాడో, నా భుజం మీదుగా వంగి పుస్తకంలోకి చూస్తున్నాడు. ఆయన వేళ్లు కుర్చీ వీపును పట్టుకున్నాయి.

"ఎనిమిది కదా అది," అన్నాడు మెల్లగా, తెలుగులో. "ఒరే బాబూ, ఎనిమిది. సరిగ్గా సూడు."

"కనిపించట్లేదు నాన్నా."

డాక్టరు గారు పుస్తకం మూసేశారు. ఎరుపూ పచ్చా తేడా తెలియదనీ, రైళ్లు నడిపించే ఏ పనికీ తీసుకోరనీ, దీనికి మందు లేదనీ హిందీలో చెప్పారు. ఎలా వచ్చిందని నాన్న అడిగాడు. "తల్లి వైపునుంచి వస్తుంది. తల్లికి బయటికేమీ కనపడదు, కొడుక్కి దిగుతుంది," అన్నారాయన కాగితం మీద సంతకం చేస్తూ.

ఇంటికి లోకో షెడ్డు పక్క దారిన నడిచివచ్చాం. దారిలో ఇంజన్ల మీదున్నవాళ్లు నాన్నకి చెయ్యి ఊపారు. ఆయన మామూలుగానే చెయ్యి ఊపాడు. షెడ్డు దాటాక ఆగాడు.

"మీ అమ్మకి ఆ ఆఖరి మాట సెప్పకు."

"ఏ మాట?"

"తల్లి వైపునుంచి అన్నది. పోస్టులు తక్కువున్నాయంట అని సెప్దాం. ఠీకేనా?"

నేను సరేనన్నాను. నాకోసం మా నాన్న మొదటిసారి అబద్ధం ఆడబోతున్నాడు. ఆయన నడక కూడా మారిపోయినట్టు అనిపించింది. వెనకే నడుస్తున్న నేను ఆయన వీపు వైపు చూడలేక పట్టాలకేసి చూస్తూ నడిచాను.

ఆ తర్వాత ఆయనకి చాలాసార్లు అబద్ధం ఆడాల్సి వచ్చింది. మా పక్క క్వార్టర్లో ఇంకో డ్రైవరు ఉండేవాడు. ఆయనది బొబ్బిలి, మా వైపే, నేను బాబాయ్ అని పిలిచేవాణ్ణి. మెడికల్ ఏమైందని ఆయన అరుగు మీద కూర్చుని అడిగాడు.

"ఆడే వొద్దన్నాడు," అన్నాడు నాన్న. "మాస్టరీ సేస్తాడంట. బి.యస్సీ. సదివినోడు మనలాగ బొగ్గులో ఎందుకు?"

"స్టేషన్ మాస్టరుకి బొగ్గేటి?" అన్నాడు బాబాయ్.

నాన్న దానికి జవాబు వెతుక్కోవడం నేను కిటికీ లోపలినుంచి విన్నాను. ఎన్నో ఏళ్లుగా ఒకే మాట మీద నిలబడ్డ మనిషి, నా కళ్లమూలంగా తడబడుతున్నాడు. బయటికెళ్లి నిజం చెప్పేస్తే సరిపోయేది. కిటికీ పక్కనే ఉండిపోయాను.

కాలేజీలో ఓ మధ్యాహ్నం ప్రొఫెసరు గారు నన్ను తన గదికి పిలిచి తలుపు వేశారు. బల్ల మీద చిన్న సీసా ఉంది.

"థైమాల్ బ్లూ," అన్నారు. "ఇదీ ఫినాఫ్తలీన్‌లాగే పనిచేస్తుంది. కాకపోతే పసుపులోంచి నీలానికి తిరుగుతుంది. పసుపూ నీలం కనిపిస్తాయా నీకు?"

"కనిపిస్తాయి సర్."

ఆయన గదిలోనే, ఆయన బల్ల మీదే ప్రయోగం పెట్టించారు. మొదటిసారి ద్రావణం తీసి వదిలాను. నీళ్లు పసుపుగా ఉన్నాయి. చుక్కచుక్కగా క్షారం పడుతోంది. పడిన చోట నీలం మెరిసి మాయమవుతోంది. ఒక చుక్క దగ్గర నీలం అలాగే నిలిచిపోయింది. ఎవరూ చెప్పకుండా, కచ్చితంగా రంగు చూసి నాకు నేనుగా బ్యూరెట్ ఆపడం అదే మొదటిసారి. ఆపి ఆయన వైపు చూశాను. ఆయన తలాడించారు.

సాయంత్రానికి గ్రాఫు వేశాను. స్కేలు పెట్టి గీస్తే చుక్కలన్నీ గీత మీదో, గీతని ఆనుకునో కూర్చున్నాయి. దాన్నుంచి వేగ స్థిరాంకం లెక్కకట్టాను. ఏ రీడింగుతో కట్టినా ఇంచుమించు అదే అంకె వచ్చింది. ఆయన కాగితాన్ని చాలాసేపు పట్టుకున్నారు.

"ఆ రోజు నేను అలా అనకుండా ఉండాల్సింది," అన్నారు చివరికి ఇంగ్లీషులో, కాగితంతో మాట్లాడుతున్నట్టు.

"పర్లేదు సర్," అన్నాను.

నిజానికి పర్లేదు కాదు. ఆయన నా మొదటి గ్రాఫుని క్లాసంతటికీ ఎత్తి చూపించారు. దీన్ని చూపించలేదు. మర్నాడు క్లాసులో చూపిస్తారేమోనని ఎదురుచూశాను, ఆ మర్నాడూ చూశాను. సిగ్గుపడ్డారేమో ఆయన కూడా. క్లాసు దృష్టిలో మాత్రం నేను అంకెలు అల్లినవాడిగా, రంగ్‌రేజ్‌గానే మిగిలాను.

మార్చిలో యూనివర్సిటీ ప్రాక్టికల్ పరీక్ష పెట్టారు. బయటి కాలేజీనుంచి ఎగ్జామినర్ వచ్చారు, లావుపాటి మనిషి, గొంతు పెద్దది. చీటీలు తీయమన్నారు. నా చీటీలో మిథైల్ ఎసిటేటే ఉంది. ప్రతి బల్ల మీదా ఫినాఫ్తలీన్ సీసా పెట్టి ఉంది. థైమాల్ బ్లూ ప్రొఫెసరు గారి గదిలో ఉంది. ఆయన ఆ పూట వేరే హాల్లో ఉన్నారు.

కాసేపు సీసా కడుగుతూ గడిపాను. చర్య మొదలుపెట్టకుండా ఎంతసేపు కడుగుతారు? చివరికి ఎగ్జామినర్ దగ్గరికి వెళ్లి, వేరే ఇండికేటర్ కావాలని గొణిగాను.

"ఎందుకు?" అన్నారు. ఆ గొంతుకి హాలంతా తలెత్తింది.

"నాకు... ఈ రంగు కనిపించదు సర్."

"ఏ రంగు?"

"గులాబీ సర్. ఎరుపు, పచ్చ కూడా తేడా తెలీదు."

"గట్టిగా చెప్పు."

గట్టిగా చెప్పాను. నన్ను రంగ్‌రేజ్ అన్నవాళ్లంతా అక్కడే ఉన్నారు. ఈసారి ఎవరూ నవ్వలేదు. అది నాకు ఇంకా కష్టంగా అనిపించింది. నవ్వితే కనీసం వాళ్ల మీద కోపం తెచ్చుకునేవాణ్ణి. ఎగ్జామినర్ నన్ను పైనుంచి కిందికి చూసి, సీసా తెప్పించమని మనిషిని పంపారు. వైవాలో ఆయన అడిగింది ఒకటే ప్రశ్న. మంచునీళ్లు ఎందుకు? వేడి తగ్గితే చర్య వేగం తగ్గుతుంది సర్, మనం కొలిచేలోపు అది ముందుకు సాగిపోకుండా పట్టి ఉంచడానికి, అన్నాను. సరే వెళ్లమన్నారు. పాసయ్యాను, రెండో క్లాసులో.

పరీక్షలైన వారంలోనే అమ్మకి తెలిసిపోయింది. ఆసుపత్రి కాంపౌండరు భార్య కుళాయి దగ్గర చెప్పిందట. నాన్న డ్యూటీ దిగి స్నానం చేసి, నాతోపాటు భోజనానికి కూర్చున్నాడు. అమ్మ ఇద్దరికీ అన్నం పెట్టి, చారు పొయ్యకుండా గరిటె పట్టుకుని అలాగే నిలబడింది.

"నా వల్లేనంట కదా," అంది.

నాన్న ముద్ద కలపడం ఆపాడు. "ఎవులు సెప్పినారు?"

"ఎవులు సెప్తే ఏటి. మా అయ్యకీ అంతే ఉండేది. మిరప తోటలో పళ్లు ఏరమంటే కాయలు కోసీసేవోడు. కళ్లు నెత్తికెక్కినాయని మా అమ్మ తిట్టీది. మేమూ నవ్వేవోళ్లం." కొంగుతో మొహం తుడుచుకుంది. "ఇన్నాళ్లూ నాకు సెప్పకుండా ఇద్దరూ దాసినారు. నాను అంత పాపం సేసినానా?"

"పాపం అని ఎవులన్నారు?" నాన్న గొంతు ఎప్పుడూ లేనంత మెత్తగా ఉంది. "నువ్వు ఇలగ బాధపడతావనే సెప్పలేదు."

"ఆడి నౌక్రీ పోనాది. నా పొట్టలోంచి వొచ్చిందే ఆడికి తగిలింది."

నేను కంచంలోకి చూస్తూ కూర్చున్నాను. అమ్మా నీ తప్పు కాదు అనాలి. అంటే ఏడుస్తానేమోనని భయం. కొడుకు ఏడుస్తుంటే తల్లి ఇంకా కుంగిపోతుందని సాకు. అమ్మే చివరికి తేరుకుని, చారు పోసి, చల్లారిపోయింది తినండి అంది.

జూన్‌లో బిలాస్‌పూర్ దగ్గర ఒక హైస్కూల్లో సైన్సు మాస్టరు పని దొరికింది. నాన్న నన్ను ఎక్కించడానికి స్టేషన్‌కి వచ్చాడు. మా బండి లాగే ఇంజన్ మీద ఆ రోజు పక్క క్వార్టర్ బాబాయే ఉన్నాడు. బండి కదలడానికి ఇంకా టైముంది. దిగి మా దగ్గరికొచ్చి, నూనె గుడ్డతో చేతులు తుడుచుకుంటూ నన్ను చూశాడు.

"మాస్టరీకే ఎల్లిపోతన్నావేటి? ఎంతైనా రైల్వే నౌక్రీ రైల్వే నౌక్రీయే. తప్పు సేసినావురా."

నేను నాన్న వైపు చూశాను, ఎప్పటిలాగే ఏదో ఒకటి చెబుతాడని. ఆయన బాబాయ్ వైపు తిరిగాడు.

"ఆడేటీ తప్పు సెయ్యలేదు," అన్నాడు. "ఆడికి ఎరుపూ పచ్చా ఒకలాగే అవుపడతాయి. మెడికల్‌లో తీసీసినారు. నీకు అబద్ధం సెప్పినాను నాను."

నా మొహంలోకి రక్తం ఎగదన్నింది. చుట్టుపక్కల బెంచీల మీద మా కాలనీ వాళ్లున్నారు, విన్నారు. నాన్న నాకోసం ధైర్యం చేశాడని నాకు తెలుసు. దానికి పొంగిపోవాల్సింది పోయి, పెట్టె పట్టుకుని బోగీలోకి దూరిపోదామా అనిపించింది.

బాబాయ్ ఆశ్చర్యపోలేదు. "అవునా," అన్నాడు. "మా బావమరిదికీ అంతే. ఆణ్ణి పార్సిలాఫీసులో ఏసినారు. మొదటే సెప్తే అక్కడ అడిగీవోళ్లం కదా."

"అలగా?" అన్నాడు నాన్న.

"మరేటి."

ఇద్దరూ ఆ బావమరిది గురించీ, తర్వాత ఈ మధ్య వస్తున్న బొగ్గులో రాళ్లెక్కువైపోవడం గురించీ మాట్లాడుకుంటూ ఇంజన్ వైపు నడిచారు. నేను పెట్టె ఎత్తుకుని బండెక్కాను.